కట్టడం ఆగడం వేరు, ఆగిపోయి అలాగే ఉండిపోవడం వేరు

మీరు అడిగింది ఇదీ. చెన్నైలో కోయంబేడు వైపు వెళ్లేటప్పుడల్లా కూవం నది వెంట మొండిగా నిలబడ్డ పిల్లర్లు కనబడేవి. "డబ్బు అయిపోతే ఆగిపోతాయి, అంతే" అని ఆఫీసులో మీ స్నేహితుడు తేల్చేశాడు. ప్రపంచంలో అంత పెద్ద పెద్ద కట్టడాలు సగంలో ఆగిపోవడానికి కారణం అదేనా? ఆగినవాటిని పదేళ్ల తర్వాత మళ్లీ కట్టొచ్చా? ఇవీ మీ సందేహాలు. అన్నీ అయ్యాక, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) దాటాక మీరు బుక్ చేసుకున్న ఫ్లాటు ఆరో అంతస్తు దగ్గర నాలుగేళ్లుగా ఆగి ఉందని ఒక ముక్క రాశారు. అసలు బాధ అక్కడుందని అర్థమైంది. దాని సంగతి తప్పకుండా చెబుతాను. ముందు పెద్ద కట్టడాల సంగతి చూద్దాం, ఎందుకంటే రెండింటి రోగమూ ఒకటే.

నా గురించి రెండు మాటలు. సొంతూరు నెల్లూరు దగ్గర. చదువు, ఉద్యోగం, ఇల్లు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ మద్రాసులోనే. 37 ఏళ్లు స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేశాను. అందులో చివరి పదిహేనేళ్లు ఎక్కువగా ఆగిపోయిన బిల్డింగులు చూసి, ఇవి పనికొస్తాయా రావా అని రిపోర్టులు రాయడమే పని. మా ఇంట్లో నన్ను మొండిగోడల డాక్టరు అని ఎగతాళి చేస్తారు.

మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. పని ఆగడానికి డబ్బు కారణం కావచ్చు. కానీ ఆగిన పని ఏళ్ల తరబడి అలాగే పడి ఉండటానికి కారణం దాదాపు ఎప్పుడూ వేరే ఉంటుంది. "ఇది నాకు కావాలి" అని పట్టుబట్టే మనిషి అక్కడ లేకుండా పోవడం. ఆ మనిషి రాజు కావచ్చు, ప్రభుత్వం కావచ్చు, ఒక ఊరు కావచ్చు. అలాంటివాడు ఉంటే డబ్బు ఎలాగో పుడుతుంది. వాడు పోయాక బ్యాంకులో డబ్బు మూలుగుతున్నా పని సాగదు.

మీరు చూసిన ఆ పిల్లర్లనే తీసుకోండి. చెన్నై పోర్టు నుంచి మధురవాయల్ దాకా 19 కిలోమీటర్ల ఎత్తు రోడ్డుకు 2009 జనవరిలో శంకుస్థాపన జరిగింది. పిల్లర్లు కూవం ప్రవాహానికి అడ్డం వస్తున్నాయని రాష్ట్ర ప్రభుత్వం 2012లో పని ఆపించింది. అప్పటికి డబ్బుకు కొదవ లేదు. కేంద్రానికి కావాల్సింది, రాష్ట్రానికి అక్కర్లేకపోయింది. మళ్లీ ఇద్దరికీ కావలసి వచ్చేసరికి పదేళ్లు గడిచాయి. 2022 మేలో రెండోసారి శంకుస్థాపన, ఈసారి రెండంతస్తుల రోడ్డు. ఒక అంతస్తు కోసం లెక్కగట్టిన పాత పిల్లర్లు రెండంతస్తులు ఎలా మోస్తాయి? పాతవి పగలగొట్టే పని కూడా కొత్త పనిలో కలిసింది. ఆ రోజుల్లో మా మేస్త్రి ఒకాయన అటు వెళ్తూ "వేలై నిన్ను పోచ్చు సార్" అనేవాడు, అరవంలో పని ఆగిపోయిందని, ఎవరో పోయారని చెప్పే గొంతుతో.

ఇక ప్రపంచంలోకి వెళ్దాం. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం మాస్కో. 1931 డిసెంబరులో స్టాలిన్ ప్రభుత్వం అక్కడి క్రీస్తు రక్షకుడి కెథడ్రల్‌ను బాంబులు పెట్టి కూల్చేసింది. ఆ చోట సోవియట్ల భవనం కట్టాలని ఆలోచన. బోరిస్ ఇయోఫాన్ అనే ఆర్కిటెక్టు డిజైను గెలిచింది. మొత్తం ఎత్తు 415 మీటర్లు, అందులో పైన నిలబెట్టే లెనిన్ విగ్రహమే 100 మీటర్లు. అప్పట్లో న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ బిల్డింగు కన్నా ఎత్తు కావాలన్నది పంతం. 1939 నాటికి పునాది పూర్తయింది. ఉక్కు చట్రం పైకి లేవడం మొదలైంది. 1941లో జర్మనీ దండెత్తింది. ఆ ఉక్కును విప్పి యుద్ధ రక్షణకు, వంతెనలకు వాడుకున్నారు.

ఇక్కడిదాకా ఎవరైనా యుద్ధం వల్ల ఆగిందంటారు, నిజమే. కానీ యుద్ధం 1945లో గెలిచారు కదా. తర్వాత అదే మాస్కోలో ఏడు పెద్ద ఆకాశహర్మ్యాలు కట్టారు. డబ్బుంది, ఉక్కుంది, మనుషులున్నారు. ఇది మాత్రం లేవలేదు. 1953లో స్టాలిన్ పోయాక దాన్ని గట్టిగా అడిగేవాడే లేడు. చివరికి ఆ గుండ్రటి పునాది గోతిని ఏం చేశారో తెలుసా? ఈతకొలను. 1960లో తెరిచారు. చలికాలంలో మంచు పడుతుంటే కూడా ఆవిర్లు కక్కే వేడినీళ్లలో జనం ఈదేవారు. 1990లలో దాన్ని మూసేసి, అక్కడే పాత కెథడ్రల్‌ను మళ్లీ కట్టారు, 2000లో పూర్తయింది. ఒకే స్థలంలో గుడి, గొయ్యి, కొలను, మళ్లీ గుడి. పక్కనున్న మెట్రో స్టేషనుకు 1935లో సోవియట్ల భవనం పేరే పెట్టారు. లేని భవనం పేరుతో ఆ స్టేషను 22 ఏళ్లు నడిచింది, 1957లో పేరు మార్చారు. మన బస్టాపులకు కూడా ఎప్పుడో మూతబడ్డ సినిమా హాళ్ల పేర్లు ఉంటాయి కానీ, పుట్టనే పుట్టని బిల్డింగు పేరు నేనెక్కడా వినలేదు.

సోవియట్ యూనియన్ ఉన్నప్పుడు ఆగిన కథ అది. అది కూలిపోయినప్పుడు ఆగినవి ఇంకో రెండున్నాయి. రెండింటికీ మధ్య సగం భూగోళం దూరం. ఒకటి ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్యాంగ్‌లో ర్యుగ్యాంగ్ హోటలు. 1987లో మొదలుపెట్టారు, 105 అంతస్తులు, 330 మీటర్లు, పిరమిడ్ ఆకారం. 1989లో అక్కడ జరిగిన ప్రపంచ యువజనోత్సవానికి తెరవాలనుకున్నారు, కుదరలేదు. 1992 నాటికి కాంక్రీటు పూర్తి ఎత్తుకు లేచింది, సరిగ్గా అప్పుడే పని ఆగింది. మాస్కో నుంచి వచ్చే సాయం ఎండిపోయింది మరి. కిటికీలు లేవు, లోపల ఏమీ లేదు, శిఖరం మీద మాత్రం ఒక తుప్పు పట్టిన క్రేను 16 ఏళ్లు నిలబడి ఉంది. 2008లో ఒక ఈజిప్టు కంపెనీ వచ్చాక పని మళ్లీ కదిలింది, 2011కి బయట అద్దాలు బిగించారు. 2018లో దాని ఒంటినిండా ఎల్‌ఈడీ దీపాలు పెట్టి రాత్రిపూట బొమ్మలు చూపించడం మొదలెట్టారు. హోటలుగా మాత్రం తెరవలేదు. అంత పెద్ద టీవీ ఇంకెక్కడా ఉండదేమో.

రెండోది అమెరికాలో, టెక్సాస్ నేల కింద. భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో గుండ్రటి సొరంగం తవ్వాలనుకున్నారు, పేరు సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్. ఖర్చు అంచనా 440 కోట్ల డాలర్ల నుంచి 1,100 కోట్లు దాటింది. 23 కిలోమీటర్లకు పైగా తవ్వాక, దాదాపు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 1993 అక్టోబరులో అమెరికా కాంగ్రెసు ఇక చాలంది. ఖర్చు పెరగడం నిజమే. కానీ రష్యాతో పోటీ ఉన్న రోజుల్లో ఆ ఖర్చుకు ఓటేయడానికి మనుషులు దొరికేవారు, పోటీ పోయాక దొరకలేదు. ఒకే దేశం కూలిన దెబ్బకు మిత్రుడి హోటలూ, శత్రువు సొరంగమూ రెండూ ఆగాయి.

పూర్తిగా డబ్బు దెబ్బే అనిపించేవీ లేకపోలేదు. బ్యాంకాక్‌లో సాథోర్న్ యూనిక్ అని 49 అంతస్తుల భవనం 1990లో మొదలై, 80 శాతం అయ్యాక 1997 ఆసియా ఆర్థిక సంక్షోభంలో ఆగిపోయింది. ఆ ఏడాది ఆ ఊళ్లో వందల బిల్డింగులు ఆగాయి. చాలావాటికి తర్వాత కొత్త యజమానులు దొరికారు. దీన్ని కట్టినవాళ్లే కట్టిన, దాదాపు ఇదే పోలికలో ఉండే స్టేట్ టవర్ 2001లో పూర్తయి హోటలుగా నడుస్తోంది. దీనికి మాత్రం ఒక యజమాని, ఒక కోర్టు, ఒక బాకీ తేలలేదు. అందుకే నేను ఆగడమూ, ఆగిపోయి ఉండటమూ వేరువేరని పదే పదే అంటున్నాను.

అమెరికాలోని సిన్సినాటి అనే ఊరు ఇంకా చిత్రం. 1916లో భూగర్భ రైలు కోసం 60 లక్షల డాలర్ల బాండ్లకు జనం ఓటేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పడింది, తర్వాత ధరలు పెరిగాయి. 1920లో ఎండగట్టిన పాత కాలువలో పని మొదలైంది. మూడు కిలోమీటర్లకు పైగా సొరంగం అయ్యేసరికి డబ్బులైపోయాయి. ఆ లోపు జనం కార్లు కొనుక్కున్నారు. సొరంగం నెత్తిన సొంపైన వెడల్పాటి రోడ్డు వేసుకున్నారు, కింద మాత్రం ఒక్క రైలూ నడవలేదు. 1950లలో ఆ సొరంగంలో నీళ్ల పైపు వేశారు. అప్పు తీరింది 1966లో. ఎక్కని రైలుకు యాభై ఏళ్లు టికెట్టు కట్టినట్టు!

చికాగోలో 610 మీటర్ల టవరు 2008లో గోతి దగ్గరే ఆగిన కథ, జెడ్డాలో కిలోమీటరు ఎత్తు దాటాలనుకున్న టవరు 63 అంతస్తుల దగ్గర 2018లో ఆగి మళ్లీ 2025 జనవరిలో కదిలిన కథ కూడా ఇలాంటివే, విడివిడిగా చెప్పను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆగినదాన్ని మళ్లీ కట్టొచ్చా? కట్టొచ్చు. పదేళ్లు కాదు, నాలుగు వందల ఏళ్ల తర్వాత కట్టినదీ ఉంది. అది చూడటానికి దూరదేశాలు వెళ్లక్కర్లేదు, ఎగ్మోర్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. శ్రీరంగం రాజగోపురం.

ఆ గోపురానికి విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో రాతి పీఠం లేచింది. ఆ తర్వాత ఆగింది. రాజులు మారారు, రాజ్యం పోయింది, నాయకులు, నవాబులు, తెల్లదొరలు వచ్చి వెళ్లారు. ఊళ్లో జనం దాన్ని మొట్టై గోపురం అనేవారు, మన మాటల్లో బోడి గోపురం. నేను చిన్నప్పుడు మా అమ్మమ్మతో వెళ్లినప్పుడు ఆ బోడి పీఠం కింది నుంచే లోపలికి నడిచాం. అంత పెద్ద ద్వారానికి పైన ఆకాశం తప్ప ఏమీ లేకపోవడం నాకు బాగా గుర్తు. 1979లో అహోబిల మఠం 44వ జీయరు పూనుకున్నారు. అంటే మన నల్లమల అడవుల్లోని అహోబిలం పేరున్న మఠం పెద్దాయన, అప్పటికే బాగా వయసు మీద పడ్డ సన్యాసి. ప్రభుత్వాలు, దాతలు తలో నిల, అంటే గోపురంలో ఒక్కో అంతస్తు, భరించారు. ఒక నిల ఖర్చు సంగీత దర్శకుడు ఇళయరాజా పెట్టుకున్నారు. ఎనిమిదేళ్లలో 13 నిలలు, 236 అడుగులు. 1987 మార్చి 25న కుంభాభిషేకం. చక్రవర్తి ఖజానాతో కానిది ఒక సన్యాసి జోలెతో అయింది. మీ స్నేహితుడికి ఈ ఒక్కటి చెప్పండి చాలు.

ఇంజనీరుగా నాకు అక్కడ ముచ్చటేసేది వేరే ఉంది. 13 నిలల బరువు మొయ్యగలిగేలా పీఠం వేసినవాడు, తను పోయిన నాలుగు శతాబ్దాల తర్వాత కూడా మాట తప్పలేదు. అందరి అదృష్టం అలా ఉండదు. అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం 1848లో మొదలై 1854లో 46 మీటర్ల దగ్గర ఆగింది. చందాలు ఆగిపోయాయి, ఒక రాజకీయ వర్గం దాన్ని కట్టిస్తున్న సంఘాన్ని ఆక్రమించి నాసిరకం రాయితో కాస్త పేర్చి వదిలేసింది. తర్వాత అంతర్యుద్ధం. పాతికేళ్ల తర్వాత సైన్యపు ఇంజనీర్లకు అప్పజెప్పితే వాళ్లు ముందు చేసిన పని పైకి కట్టడం కాదు, కిందికి తవ్వడం. లెఫ్టినెంట్ కల్నల్ కేసీ అనే ఆయన పాత పునాది చాలదని తేల్చి, నిలబడి ఉన్న స్తంభం కిందికి దూరి కాంక్రీటుతో దాన్ని వెడల్పు చేయించాడు. ఆ నాసిరకం వరసలు తీయించాడు. ఆ తర్వాతే పైకి వెళ్లాడు. 1884లో 169 మీటర్లు పూర్తయింది. ఇప్పటికీ పావు వంతు ఎత్తు దాటాక రాయి రంగు మారడం కనిపిస్తుంది, వేరే గని రాయి కాబట్టి.

జర్మనీలోని కొలోన్ కెథడ్రల్ కూడా చెప్పాలి. 1248లో మొదలై 1560 ప్రాంతంలో ఆగింది. సగం కట్టిన గోపురం మీద చెక్క క్రేను మూడు వందల ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది, ఊరి గుర్తుగా మారిపోయింది. 1814లో ముందుభాగం తాలూకు పాత డ్రాయింగు సగం దొరికింది, మిగతా సగం తర్వాత పారిస్‌లో దొరికింది. 1842లో పని మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. డ్రాయింగులు దాచుకోండి అని నేను అందరికీ చెప్పడానికి అదే కారణం. మీ అపార్ట్‌మెంటు సంఘం దగ్గర ప్లాన్ కాపీ ఉంటుంది, అది చాలదు. స్ట్రక్చరల్ డ్రాయింగులు, రాడ్ల వివరాలు, సాయిల్ రిపోర్టు ఇప్పుడే సంపాదించండి. బిల్డరు ఆఫీసు ఖాళీ చేసిన రోజు అవి చెత్త కాగితాల వాడికి వెళ్తాయి. ఇది నేను కళ్లారా చూశాను.

రాయికి ఆగితే నష్టం తక్కువ. మహాబలిపురం వెళ్లినప్పుడు జనం పంచరథాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఊరికి ఇంకో పక్కన ఉన్న పిడారి రథాలు, వలయంకుట్టై రథం కూడా చూడండి. పై నుంచి కిందికి చెక్కుతూ సగంలో వదిలేశారు. పైన నగిషీ, కింద ముడి బండ. పూర్తికాని గుహల్లో రాతిని గళ్లుగళ్లుగా గీసి ఒక్కో గడిని పగలగొట్టిన ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పూర్తయిన శిల్పం ఈ రహస్యం చెప్పదు, ఆగిపోయిన పనే చెబుతుంది. పదమూడు వందల ఏళ్లు ఎండా వానా తిన్నా, ఇవాళ ఉలి పట్టుకుని మిగతాది చెక్కుతానంటే ఆ రాయి కాదనదు.

కాంక్రీటు అలా కాదు. దానిలో ఇనుము ఉంది.

ఆగిన బిల్డింగులో మొదట చెడేది పైన నిక్కబొడుచుకుని ఉండే రాడ్లు, పై అంతస్తు కోసం వదిలినవి. పని ఆపేవాడు బుద్ధిమంతుడైతే వాటికి సిమెంటు పాలు పూయించి, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటు తొడుగు వేయించి వెళ్తాడు. అప్పులవాళ్లు తరుముతుంటే ఆ ఓపిక ఎవరికి ఉంటుంది? చెన్నైలో సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుంచి ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. విచిత్రం ఏమిటంటే కాంక్రీటు మాత్రం వయసుతో కాస్త బలపడుతుంది. జనం దానికే భయపడి, ఇనుము సంగతి మర్చిపోతారు.

రెండోది ఎవరూ ఊహించనిది, బేస్‌మెంటు. ఖాళీ బిందెను నీళ్లలో పెడితే తేలుతుంది కదా. నేల కింద నీళ్లున్న చోట బేస్‌మెంటు కూడా ఖాళీ బిందె లాంటిదే. పైన పది అంతస్తుల బరువు పడుతుందని లెక్కగట్టి కట్టినది, రెండంతస్తుల దగ్గర ఆగితే ఆ బరువు ఉండదు. పని జరిగినన్నాళ్లు పంపులు నీళ్లు తోడుతుంటాయి. కరెంటు బిల్లు కట్టడం మానేసిన రోజున పంపులు ఆగుతాయి. కార్తీక మాసం వానలకు భూమిలో నీటిమట్టం పైకి వచ్చి, అడుగు స్లాబును కింది నుంచి నెడుతుంది. అందుకే నిండా నీళ్లు చేరిన బేస్‌మెంటు చూసి జనం గుండెలు బాదుకుంటారు కానీ, కొన్నిసార్లు ఆ నీళ్లే దాన్ని కాపాడి ఉంటాయి. లోపలి నీళ్ల బరువు కింది ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. లెక్క చూసుకోకుండా ఒక్కసారిగా తోడేస్తే అప్పుడే పగుళ్లు వస్తాయి.

అమరావతిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. 2015లో శంకుస్థాపన చేసిన రాజధానిలో సచివాలయ టవర్లకు రాఫ్ట్ పునాదులు, అంటే బిల్డింగు కింద అంతటా పరిచే మందపాటి కాంక్రీటు పలకలు, వేశాక, 2019లో ప్రభుత్వం మారి పని ఆగింది. ఐదేళ్లు ఆ పునాదులు చెరువులా నీళ్లలో మునిగి ఉన్నాయి. 2024లో మళ్లీ కావాలనుకున్నప్పుడు వాటిని పరీక్షించడానికి వెళ్లింది మన అడయార్ పక్కనున్న మద్రాసు ఐఐటీ నిపుణులు. నీళ్లు తోడించి, పునాదుల సత్తా చూసి, ఆ తర్వాతే ముందుకెళ్లారు. 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి. ఎవరు ఆపారు, ఎవరు తప్పు అనే గొడవలోకి నన్ను లాగకండి, మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి.

ఒక్కోసారి ఆగినదాన్ని మొదట అనుకున్నట్టు పూర్తి చేయాలన్న నియమం కూడా లేదు. మౌంట్ రోడ్డులో ఓమందూరార్ ఎస్టేటు ఆసుపత్రికి వెళ్లే ఉంటారు. అది కొత్త సచివాలయంగా కట్టినది. 2010 మార్చిలో ప్రారంభోత్సవం నాటికి పైన డోము పూర్తి కాలేదు. అందుకని సినిమా కళాదర్శకుడు తోట తరణి చేత సెట్టింగు డోము వేయించి, దాని కింద ప్రారంభించారు. మద్రాసు సినిమా ఊరని ఊరికే అనరు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, కొత్తవాళ్లకు ఆ సచివాలయం అక్కర్లేదు, పాత సచివాలయం ఉన్న సెయింట్ జార్జి కోటకే వెళ్లిపోయారు. 2014లో అది సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అయింది. మా బావగారికి అక్కడే గుండె ఆపరేషన్ అయింది, నాకు ఆ బిల్డింగు మీద ఫిర్యాదులేమీ లేవు.

ఇక మీ ఫ్లాటు. నేను చూసిన ఒకటి చెబుతాను, పేర్లు వద్దు. పల్లికరణై చిత్తడి నేలకు అట్టే దూరం కాదు. ఏడంతస్తులు లేచి, తొమ్మిదేళ్లు ఆగింది. కొన్నవాళ్లలో సగం మంది మన తెలుగువాళ్లే, అద్దె ఒకవైపు, ఈఎమ్‌ఐ ఒకవైపు. వాళ్ల సంఘం నన్ను పిలిచింది. వెళ్లేసరికి రెండో అంతస్తులో వాచ్‌మన్ కుటుంబం కాపురం ఉంది, గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. ఆ బిల్డింగులో గృహప్రవేశం చేసుకున్నది వాళ్లొక్కరే. మూడో అంతస్తు గోడలో రావి మొక్క వేళ్లూనుకుంది.

పైన 25 మిల్లీమీటర్ల రాడ్లు వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే కొన్ని 21 ఉన్నాయి. నాలుగు మిల్లీమీటర్లే కదా అని సెక్రటరీ తేలిగ్గా తీసుకున్నారు. వ్యాసంలో నాలుగు తగ్గితే అడ్డుకోతలో 30 శాతం ఇనుము పోయినట్టు. కాంక్రీటు కోర్లు, అంటే గొట్టంలా కోసిన ముక్కలు, తీసి మెషీన్లో నొక్కి చూశాం, బలం బాగానే ఉంది. పగలగొట్టిన చోట ఫినాప్తలీన్ అనే రసాయనం చల్లాం. గులాబీ రంగు వస్తే లోపలి ఇనుముకు కాంక్రీటు రక్షణ ఇంకా ఉందని అర్థం, రంగు రాకపోతే లేదని. కింది నాలుగు అంతస్తుల్లో రాడ్ల దగ్గర గులాబీ వచ్చింది. పైన రెండు స్లాబుల అంచుల్లో రాలేదు. చివరికి పై స్లాబు కొంతమేర కొట్టేసి, మంచి ఇనుము తగిలేదాకా వెనక్కి వెళ్లి, కొత్త రాడ్లు కెమికల్ యాంకరింగ్‌తో (రంధ్రాల్లో జిగురు రసాయనంతో బిగించి) దింపి, కొన్ని పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ కొత్త ఇనుము, కాంక్రీటు తొడుగు) చేయించాం. బేస్‌మెంటు నీళ్లు పదిహేను రోజులు తీసుకుని మెల్లగా తోడించాను. "ఇంత నెమ్మదా" అని అందరూ నన్ను తిట్టుకున్నారు. బిల్డింగు ఇప్పుడు నిండా జనంతో ఉంది.

అది పూర్తవడానికి కారణం నా రిపోర్టు కాదు. ఆ సంఘంలో ఒక రిటైర్డు లెక్కల టీచరమ్మ ఉండేవారు. తొమ్మిదేళ్లలో ఒక్క మీటింగు మానలేదు. ప్రతి రసీదూ ఫైలు చేశారు, ప్రతి ఆఫీసుకూ ఆమే వెళ్లారు. నేను మొదట్లో చెప్పిన "నాకు కావాలి" అనే మనిషి ఆమె.

మీకిప్పుడు చట్టం కొంత తోడుంది. మీ ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదై ఉంటే, మీ దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. బిల్డరు రిజిస్ట్రేషను రద్దయినా, గడువు తీరిపోయినా, మిగతా పని చేపట్టే మొదటి హక్కు కొన్నవాళ్ల సంఘానిదే. ఆ హక్కు వాడుకోవాలంటే ముందు సంఘం ఉండాలి, వాట్సాప్ గ్రూపు సంఘం కాదు. డబ్బు వడ్డీతో వెనక్కి అడగడమా, పూర్తి చేయించుకోవడమా అన్నది లాయరుతో కూర్చుని తేల్చుకోండి, అది నా సబ్జెక్టు కాదు.

నా సబ్జెక్టు వరకు ఒక మాట. నాలుగేళ్లు అంటే భయపడాల్సిన కాలం కాదు, అశ్రద్ధ చేయాల్సిన కాలమూ కాదు. ఎవరైనా వచ్చి "పైనుంచి అలాగే కట్టుకుంటూ పోదాం" అంటే ఒప్పుకోకండి. ఈ వానల లోపు పై రాడ్లకు ఏదో ఒక పూత వేయించండి, ఖర్చు పెద్దగా ఉండదు. బేస్‌మెంటులో నీళ్లుంటే ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఫొటోలు పెడితే చూసి చెబుతాను. బేస్‌మెంటు గోడ, మొదటి స్లాబు అడుగు భాగం, ఆరో అంతస్తు రాడ్లు, ఈ మూడూ చాలు. రాడ్లు తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, చేయి అడ్డం పెట్టి తీస్తే నాకేమీ తెలియదు.